అక్షరాలన్నీ వచ్చాయి సరే, చదవడం వచ్చిందా? ఒకటో తరగతి చివర మన పిల్లలు నేర్చుకునేది

ఏప్రిల్ మూడో వారం, ఒంటిపూట బడి. పిల్లల్ని వదిలే వేళకి గేటు దగ్గర ఒక నాన్న బండి ఆపి అడిగారు. "టీచర్ గారూ, మా పాపకి అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ వచ్చేసినట్టేనాండీ?"

వచ్చేశాయనే చెప్పాను. అబద్ధం కాదు. ఆ పాప అ మొదలుపెట్టిందంటే ఱ దాకా గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. కానీ ఆ పొద్దున్నే బోర్డు మీద "ఆవు" అని రాసి చదవమంటే, కాసేపు అలాగే చూసి "ఆమ" అంది.

వు, మ ఒకసారి పక్కపక్కన రాసి చూడండి. రెండిటిదీ వ లాంటి ఒళ్లే. రెండిటికీ తలకట్టుంది, కుడిపక్కన తోకుంది. ఆ తోక ఎంతవరకు లేచిందన్నదే తేడా. మనకి ఏళ్ల అలవాటు కాబట్టి అవి అంత దగ్గరగా ఉంటాయన్న సంగతే తట్టదు. పక్కన ఆవు బొమ్మ ఉండుంటే ఆ పాప కూడా టక్కున చెప్పేసేది. బొమ్మ తీసేసి ఉత్త అక్షరాలు మిగిల్చేసరికి తడబడింది.

నన్నడిగితే ఆ ఒక్క తప్పులో ఆ పిల్ల ఏడాది చదువంతా కనిపిస్తుంది. ఎడమ నుంచి కుడికి చదవాలని తెలుసు. ఆ అనే అచ్చుని గుర్తుపట్టింది. రెండక్షరాలూ కలిపితే ఒక మాట కావాలనీ తెలుసు. ఇంకా రానిది ఒక్కటే. కలిపాక నోటికొచ్చిన "ఆమ" అనే మాట మన ఇళ్లలో ఎవరూ అనరే అని అనుమానపడి, వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకోవడం. చదవడమంటే ఆ అనుమానమే. ఒకటో తరగతి ఏడాదంతా మేము పిల్లల్ని నడిపించేది అక్కడికే. అక్షరాల లెక్క దారిలో తగిలే ఒక మజిలీ.

కాగితం మీద ఉన్న లెక్క

కేంద్ర విద్యాశాఖ 2021 జులై 5న నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లాడికీ చదవడం, రాయడం, లెక్కలు చేయడం వచ్చి ఉండాలన్నది దాని లక్ష్యం. తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు కూడా ఈ దారిలోదే. నిపుణ్‌లో తరగతికి ఇంత అని కొలతలున్నాయి. ఒకటో తరగతి చివరికి పిల్లలు ముందెప్పుడూ చూడని పాఠంలో నాలుగైదు తేలిక మాటలున్న చిన్న వాక్యాలు చదవాలి. 99 వరకు అంకెలు చదవాలి, రాయాలి. తేలికపాటి కూడికలు, తీసివేతలు చేయాలి.

అంతే. "ఇంతేనా!" అనిపిస్తుంది చాలామందికి. ఎల్‌కేజీలోనే రైమ్సు, వంద దాకా అంకెలు, ఆపిల్ స్పెల్లింగు చెప్పించే రోజుల్లో ఇది మరీ చిన్న గీతలా కనిపిస్తుంది. కానీ ఆ వాక్యంలో "ముందెప్పుడూ చూడని" అన్న మాట దగ్గర ఆగండి. పుస్తకంలో పాఠమైతే సగం మంది చూడకుండానే చదివేస్తారు. వేలు ఒక లైను మీద ఉంటుంది, నోరు ఇంకో లైనులో ఉంటుంది. ఆ పాఠంలో మాటలతోనే కొత్త వాక్యం రాసి ముందు పెట్టినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. "మా మేక ఆకులు తింటుంది" అని రాసిస్తే, మెల్లగా కూడబలుక్కుని చదివి, "ఏం తింటుందిరా?" అంటే "ఆకులు" అన్నవాడు ఒకటో తరగతి దాటినట్టే. వాడికి ఛ, ఝ, ఞ గుర్తులేకపోయినా నాకు బెంగ లేదు.

పరిసరాల విజ్ఞానం మన రెండు రాష్ట్రాల్లోనూ మూడో తరగతి నుంచే విడి సబ్జెక్టుగా వస్తుంది. ఒకటిలో ఉండేవి తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు. వీటిలో తెలుగు దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను, తల్లిదండ్రులకి ఎక్కువ అయోమయం అక్కడే ఉంది కాబట్టి.

తిన్నని దారే, కానీ పొడుగు

ఇంగ్లీషుతో పోలిస్తే తెలుగు చదవడం తేలికా, కష్టమా? ఒక రకంగా చాలా తేలిక. క అంటే ఎక్కడున్నా క. అదే ఇంగ్లీషులో ఏ అనే అక్షరం ఆపిల్‌లో ఒకలా, కేక్‌లో ఒకలా, బాల్‌లో ఇంకోలా పలుకుతుంది. తెలుగులో ఒకసారి కిటుకు తెలిస్తే, కనబడ్డ మాటనల్లా పిల్లలు పలికేయగలరు, అర్థం తెలియకపోయినా సరే. అందుకే మన దగ్గర స్పెల్లింగు పోటీలుండవు.

కానీ ఆ కిటుకు దాకా చేరాలంటే చాలా దూరం నడవాలి. ఇంగ్లీషులో 26 అక్షరాలు, పెద్దవీ చిన్నవీ కలిపితే 52 ఆకారాలు. మనకి 36 హల్లులు, ఒక్కోదానికి పన్నెండుకి పైగా గుణింతాలు. అంటే పిల్లల కంటికి తగిలే ఆకారాలు నాలుగు వందలు దాటతాయి. ఆపైన వత్తులు. అన్నీ విడివిడిగా గుర్తుపెట్టుకోవాలంటే ఎవరి తరమూ కాదు. దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం లాంటి గుర్తులు ఏ హల్లు మీదికొచ్చినా ఒకే పని చేస్తాయన్న సంగతి పిల్లలకి లోపల తట్టాలి. అది తట్టిన రోజున పిల్లల ముఖం చూడాలి. అప్పటిదాకా నాలుగు వందల బొమ్మలుగా ఉన్నవి పదిహేను గుర్తులుగా తగ్గిపోతాయి.

ఇక్కడే బట్టీ మోసం చేస్తుంది. "కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని తరతరాలుగా పాడిస్తున్నాం. ఆ పాట మంచిదే, లయ వల్ల నోరు తిరుగుతుంది. కానీ పాట వచ్చినవాళ్లందరికీ గుణింతం వచ్చినట్టు కాదు. ఒక పిల్లాడికి "కే" అని రాసి చూపించాను. వెంటనే చెప్పలేదు. పెదాలు కదుపుతూ లోలోపల "క కా కి కీ కు కూ కె..." అని వరసంతా నడిచి, చివరికి "కే!" అని పైకి అన్నాడు. జవాబు సరైనదే. ఒక్క అక్షరానికే అంత నడవాల్సి వస్తే, నాలుగు మాటల వాక్యం చివరికి వచ్చేసరికి మొదటి మాట గుర్తుండదు. ఇక అర్థం ఎక్కడ మిగులుతుంది? ఆ పిల్లాడికి కావాల్సింది ఇంకో నాలుగుసార్లు గుణింతాలు రాయడం కాదు. వరస చెడగొట్టి చూపించాలి. కే, మే, తే, పే పక్కపక్కన పెట్టి, వీటన్నిటి నెత్తినా ఒకేలా ఉన్నదేమిట్రా అని అడగాలి.

గుర్తు మారితే మాటే మారిపోతుందని తెలియడం ఇంకో మెట్టు. మెడ, మేడ. పడు, పాడు. "తాత మేడ మీద కూర్చున్నాడు" అన్న వాక్యాన్ని ఒక పిల్ల "మెడ మీద" అని చదివింది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వి, తనంతట తనే మళ్లీ చూసి "మేడ" అని దిద్దుకుంది. నాకు ఆ రోజు పండగే. నవ్వొచ్చిందంటే అర్థమైందన్న మాట.

గుర్తుల్లోనూ మినహాయింపులున్నాయి. కు, ము, పు మూడింట్లోనూ ఉన్నది కొమ్మే, కానీ పులో అది తగిలించే చోటే వేరు. యో, మో, ఘోల రూపం కోతో పోలదు. పెద్దవాళ్లు గమనించని ఇలాంటి మలుపుల దగ్గరే పిల్లలు రోజుల తరబడి ఆగిపోతారు. అందుకే పక్కింటి పిల్లతో పోల్చి "దానికి డిసెంబరుకే వచ్చేసింది" అన్నప్పుడు నాకు చాలా బాధేస్తుంది.

బొమ్మలు కూడా ఒక్కోసారి అడ్డం పడతాయి. ఊ దగ్గర ఊయల బొమ్మ ఉంటుంది. మా పిల్లలు దాన్ని చూసి ఉయ్యాల అంటారు. ఇంట్లో అనే మాట అదే మరి. అప్పుడా బొమ్మ ఊకి బదులు ఉని నేర్పుతుంది. ఔ దగ్గర ఔషధం బొమ్మ చూసి "మందు సీసా" అంటారు. పిల్లాడి జవాబు తప్పు కాదు, మనం ఎంచుకున్న మాట వాడి ఇంట్లోది కాదు.

అమ్మ అని రాయడం ఎందుకంత కష్టం

అక్షరాలు పట్టుబడుతున్న కొద్దీ పిల్లలు రాయాలనుకునే మొదటి మాటలేవి? అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు, అత్త, అవ్వ. గమనించారా, అన్నిట్లోనూ వత్తులే. మన ఇంటి మాటల్లో వత్తు లేకుండా దొరికేవి తాత, మామ లాంటివి కొన్నే. పుస్తకాలేమో సరళ పదాలతో మొదలవుతాయి: తల, వల, పలక, పడవ. ఆ వరస సరైనదే, వత్తులు చివర్లోనే రావాలి. కానీ పిల్లల మనసు పడవ దగ్గర ఉండదు, అమ్మ దగ్గర ఉంటుంది. నేను మొదటి నెలలోనే అమ్మ, నాన్న అని పలక మీద రాసిచ్చేస్తాను. అక్షరాలుగా కాదు, అమ్మ ఫొటో ఇచ్చినట్టు ఇస్తాను. అందులో కింద వేలాడేది మ వత్తని ఫిబ్రవరిలోనో మార్చిలోనో తెలుస్తుంది.

వత్తుల్లో రెండు రకాలు పిల్లలకి బాగా తేడాగా కనిపిస్తాయి. గ వత్తు, డ వత్తు లాంటివి ఆ అక్షరాన్నే తలకట్టు తీసేసి చిన్నగా కింద పెట్టినట్టుంటాయి. ఇవి త్వరగా పట్టుబడతాయి. త, న, మ, య, ర, ల వత్తులకి వేరే ఆకారాలు. ఇంట్లో ఎక్కువగా అనే మాటల్లో వచ్చేవి ఇవే. దానికి తోడు వత్తు కింద రాసినా పలికేటప్పుడు గుణింతం దానికే చేరుతుంది. "చెల్లి"లో గుడి ఉన్నది పై ల మీద, కానీ పలికేది కింది ల తర్వాత. పైన చూసి, కింద చూసి, మళ్లీ పైకి చూడాలి. ఆరేళ్ల కంటికి ఇది చిన్న పని కాదు. అందుకే ఏప్రిల్‌లో చాలామంది "చెలి", "అమ" అని వత్తు మింగేసి చదువుతారు. రెండో తరగతి సగానికి ఇది సర్దుకుంటుంది. దీన్ని చూసి పిల్ల వెనకబడిందని టెన్షన్ పడక్కర్లేదు.

అంకెల్లో తెలుగు చేసే సాయం

లెక్కల్లో ఈ ఏడాది అసలు మెట్టు కూడికలని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అది పదుల కట్ట. పది విడి పుల్లలు కలిపి రబ్బరు బ్యాండ్ వేస్తే అదే ఒకటి అవుతుందని పిల్లలు ఒప్పుకోవడం. పది ఒకట్లు, ఒక పది రెండూ ఒకటేనని ఆరేళ్ల పిల్లలు ఊరికే నమ్మరు. చీపురు పుల్లలు, చింతపిక్కలు ఉన్నది అందుకే.

ఇక్కడ మన భాష ఎంత సాయం చేస్తుందో చూడండి. పదిహేడు అన్నప్పుడు పది ముందు, ఏడు తర్వాత. 17 రాసే వరస కూడా అదే. ఇరవై దాటాక మరీ తేలిక: ఇరవై ఒకటి, ఇరవై రెండు, పలికిన వరసలోనే రాసుకుంటూ పోవడమే. నలభైలో నాలుగు, అరవైలో ఆరు, ఎనభైలో ఎనిమిది చెవికి వినిపిస్తూనే ఉంటాయి. హిందీలో ఇక్కీస్, బాయీస్ అంటూ వంద దాకా దాదాపు ప్రతి అంకె పేరూ విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. ఇంగ్లీషులో సెవెంటీన్ అన్నప్పుడు చెవికి ముందు సెవెన్ పడుతుంది. చేయి ముందు 7 రాస్తుంది, తర్వాత 1 పెడుతుంది. అయింది 71. థర్టీన్, థర్టీ గొడవ సరేసరి.

తెలుగులోనూ ఒక తప్పు చాలామంది చేస్తారు. ఇరవై ఒకటి రాయమంటే 201 అని రాస్తారు. ఇరవై అంటే 20, ఒకటి అంటే 1, రెండూ పక్కపక్కన పెట్టేశారు. విన్నది విన్నట్టు రాశారు పాపం. రెండు కట్టలు, ఒక విడి పుల్ల చేతిలో పెట్టి, కట్టలకి ఒక గడి, విడి పుల్లలకి ఒక గడి గీస్తే, నాలుగు రోజుల్లో పోయే తప్పు అది. ఎర్ర పెన్నుతో కొట్టేసి పదిసార్లు రాయిస్తే మాత్రం నెలలు పడుతుంది.

కొన్నేళ్లుగా రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వస్తున్నాయి. నాకు ఇష్టమైన ఏర్పాటు అది. లెక్కల్లో పదులు, ఒకట్లు తెలుగు పేజీలో అర్థం చేయించి, పేర్లు ఇంగ్లీషు పేజీలో చెప్పుకోవచ్చు. ఇంట్లో కూడా మీరు డబ్బులు లెక్కపెట్టేటప్పుడు తెలుగులోనే పైకి లెక్కపెట్టండి. దానివల్ల పిల్లల ఇంగ్లీషు పాడవదు.

ఇదంతా ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల మాట. ఇంట్లో సవర, కోయ, గోండి, లంబాడీ మాట్లాడి బడికొచ్చే పిల్లలకి ఒకటో తరగతి అంటే ముందు ఒక కొత్త భాషని చెవిన వేసుకోవడం. "పలక" అని చదివితే సరిపోదు, పలక అంటే ఏంటో కూడా అక్కడే తెలియాలి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది ఇందుకే. మొదట ఇంటి భాషలో చదవడం నేర్పి, మెల్లగా తెలుగులోకి తీసుకురావాలన్నది దాని ఉద్దేశం. అక్షరాలు మాటలుగా, మాటలు అర్థంగా మారడం ఏ పిల్లకైనా తనకు తెలిసిన భాషలోనే ముందు జరుగుతుంది.

వేగం కొలిచే ముందు

రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడుకి 60 మాటలు అర్థమయ్యేలా చదవాలని నిపుణ్ పట్టికలో ఉంది. ఒకటో తరగతికి అలాంటి వేగం పెట్టలేదు. చాలా మంచి పని చేశారు. మన భాషలో "చదువుకుంటున్నాడు" అన్నది ఒక్క మాట. ఇంగ్లీషులో అదే సంగతికి మూడు మాటలు. ఎన్ని మాటలు చదివారన్న లెక్క భాషని బట్టి మారిపోతుంది. ఒకటో తరగతి పిల్లల దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటే వాళ్లు అర్థం వదిలేసి నోటికే పని చెబుతారు.

అలాగని అసలు పట్టించుకోకపోతే ఏమవుతుందో కూడా చూస్తున్నాం. ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి చేసే అసర్ సర్వేలో పిల్లల చేత ఒక కాగితం చదివిస్తారు. అక్షరాలు, మాటలు, నాలుగు వాక్యాల చిన్న పేరా, ఒక కథ. ఆ కథ రెండో తరగతి స్థాయిది. 2024 సర్వేలో దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగింది 23.4 శాతం. 2022లో అది 16.3 శాతమే. పెరిగింది, సంతోషం. కానీ నలుగురిలో ముగ్గురికి పైగా ఇంకా చదవలేకపోతున్నారు. మూడో తరగతిలో కనిపించే ఈ గండి చాలామందికి ఒకటో తరగతిలోనే పడుతుంది, ఎవరూ చూడకుండా. ఎందుకంటే నోటుబుక్కు నిండుగా ఉంటుంది.

నోటుబుక్కు మాట కచ్చితంగా చెప్పాలి. బోర్డు మీద చూసి దించిన పేజీ ఎంత ముత్యాల్లా ఉన్నా అది బొమ్మ గీయడమే. ఒక్క అక్షరం చదవడం రాకపోయినా పేజీ నింపొచ్చు. పిల్లలకి ఏం వచ్చిందో తెలియాలంటే చూసి రాసిన పేజీ పక్కన పెట్టి, నోటితో చెప్పి రాయించిన నాలుగు మాటలు చూడండి. అవి వంకరగా ఉంటాయి, దీర్ఘాలు ఎగిరిపోతాయి, సున్న వేరే చోట పడుతుంది. కానీ అవి ఆ పిల్ల సొంతం. "పంట"ని "పట" అని రాసిందంటే సున్న శబ్దం ఇంకా చెవికి అందలేదని తెలుస్తుంది. చూసి దించిన పేజీలో ఆ సంగతి ఎప్పటికీ బయటపడదు.

బడి ఆఖరి రోజు ఏప్రిల్ 23, 24 ప్రాంతాల్లో. మళ్లీ తెరిచేది జూన్ 12న. ఏడు వారాలు. ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్న పిల్లలకి ఇది చాలా పెద్ద ఖాళీ. ట్యూషన్ పెట్టమని నేను ఎవరికీ చెప్పను, ఈ ఎండల్లో అసలే వద్దు. రోజూ ఒక నాలుగైదు మాటలు కంటపడితే చాలు. బస్సు మీద ఊరి పేరు, కిరాణా కొట్టు బోర్డు, ఇంటికొచ్చిన పెళ్లి పత్రిక మీద పెళ్లికూతురి పేరు. చదివాక "అంటే ఏంటమ్మా?" అని ఒక్క మాట అడగండి. తప్పు చదివితే వెంటనే అందించకండి. కాసేపు ఆగండి. ఆ కాసేపట్లోనే వాళ్లు వెనక్కి వెళ్లి చూసుకోవడం నేర్చుకుంటారు.

"ఆమ" అన్న పాప సంగతి చెప్పి ఆపుతాను. బడి ఆఖరి రోజు పిల్లల్ని వీధి చివరిదాకా దిగబెట్టడానికి వెళ్లాను. ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ పాప నా చెయ్యి వదిలేసి గోడ దగ్గరికి పోయి, వేలు పెట్టి మొదలుపెట్టింది. "ఆ... మ..." ఆగింది. వేలు వెనక్కి జరిగింది. "ఆవు." తర్వాత "పాలు" తేలిగ్గానే అయింది. మూడో మాట పొడుగుంది. దాని మొదటి సగం చూడగానే ముఖం వెలిగిపోయింది. "అమ్మ!" అంది, వత్తు మింగకుండా. మిగతాది కూడబలుక్కుంది. "బ... డు... ను." గోడ మీద ఉన్నది "ఆవు పాలు అమ్మబడును" అని.

నా వైపు తిరిగి, నుదురు ముడివేసి అడిగింది. "టీచర్, బడును అంటే ఏంటి? అమ్మ ఎందుకు బడును?"